క్యాన్సర్ సంగతి సరే, పోల్చింది దేంతో?

పోయినేడాది ఎండాకాలంలో మా పెదనాన్న తెనాలి నుంచి వాట్సాప్‌లో ఒక రిపోర్టు ఫొటో పెట్టి, నేను తెరిచి చూసేలోపే ఫోన్ చేసేశారు. "ఒరేయ్, ఇందులో ఒకచోట పాజిటివ్ అనుంది, దాని కిందే నెగటివ్ అనుంది, ఏది నమ్మాలిరా?" అని. ప్రోస్టేట్ బయాప్సీ రిపోర్టు అది. 12 ముక్కలు తీశారు, 2 ముక్కల్లో అనుమానం వచ్చి ప్రత్యేకంగా రంగులేసి చూశారు, ఏఎంఏసీఆర్ పాజిటివ్, పీ63 నెగటివ్. కోవిడ్ పుణ్యమా అని మన ఇళ్లల్లో నెగటివ్ అంటే హమ్మయ్య, పాజిటివ్ అంటే అమ్మో. ఇక్కడేమో రెండూ కలిసి ఒకే మాట చెప్తున్నాయి, ఆ మాటేమో మంచిది కాదు. "డాక్టరుగారు చెప్తారులే పెదనాన్నా" అని తప్పించుకోబోయాను గానీ ఆయన 34 ఏళ్లు లెక్కల మాస్టారుగా చేసిన మనిషి, స్టెప్పు దాటేస్తే ఊరుకోరు.

నేను డాక్టర్ని కాదు, డేటాతో పొట్టపోసుకునేవాణ్ణి. కానీ ఈ ప్రోస్టేట్ నాకు కొత్త కాదు, అదే ఇక్కడ తమాషా. మెషీన్ లెర్నింగ్ నేర్చుకునే రోజుల్లో ప్రతివాడూ చేసే ప్రాక్టీసు డేటాల్లో ఒకటి ప్రోస్టేట్‌దే. 2002లో బోస్టన్ వాళ్లు అచ్చేసింది, 52 క్యాన్సర్ శాంపిళ్లు, 50 నార్మల్ శాంపిళ్లు, ఒక్కోదానికి దాదాపు 12,600 కొలతలు. ఏ జీను ఎంత గట్టిగా పనిచేస్తోందో చెప్పే కొలతలు. నేను ఒక సాయంత్రం కూర్చుని మోడల్ కట్టాను, 90 శాతం పైన కరెక్టు వచ్చింది, హెప్సిన్ అనే జీన్ లిస్టులో పైన కూర్చుంది, స్క్రీన్‌షాట్ తీసి లింక్డిన్‌లో పెట్టుకున్నాను కూడా, కంగ్రాట్స్ బ్రో అని జనం. ఆ 50 నార్మల్ శాంపిళ్లు ఎవరివి అన్న ప్రశ్న నాకు తట్టలేదు. పెదనాన్న రిపోర్టు వచ్చాక గానీ ఆ పేపర్ మళ్లీ తెరవలేదు, తెరిస్తే తెలిసింది, అవి ఆరోగ్యంగా ఉన్న మగాళ్లవి కావు. ప్రోస్టేట్ క్యాన్సర్ ఆపరేషన్ చేయించుకున్నవాళ్లవే, అదే గ్రంథిలో గడ్డ లేని పక్క భాగం. అంటే నార్మల్ అని నేను అనుకున్నది, క్యాన్సర్ ఉన్న ఇంట్లోనే పక్క గది.

నా గొడవంతా దీని గురించే. క్యాన్సర్‌లో ఏ జీన్ పెరిగింది, ఏది తగ్గింది అని వేల పేపర్లున్నాయి, న్యూస్‌లో "క్యాన్సర్ జన్యువు దొరికింది" అని హెడ్డింగులున్నాయి, కానీ పెరిగింది అనేది సగం మాట. దేనికంటే పెరిగింది అన్నది మిగతా సగం, దాన్ని ఎవరూ అడగరు.

కొంచెం వెనక్కి వెళ్తాను. ఒంట్లో దాదాపు ప్రతి కణంలోనూ అదే డీఎన్ఏ ఉంటుంది, కంటి కణంలోనూ అదే, ప్రోస్టేట్ కణంలోనూ అదే. మన ఊళ్లో ప్రతి వంటింట్లోనూ అదే పోపుడబ్బా ఉన్నట్టు. ఆవాలు, జీలకర్ర, మెంతులు, ఎండుమిర్చి, ఇంగువ అందరి దగ్గరా ఉంటాయి, ఎవరింట్లో ఏది ఎంత పడుతుంది అన్నదానిలోనే రుచి తేడా. ఆ పడటాన్నే జీన్ ఎక్స్‌ప్రెషన్ అంటారు, పాఠ్యపుస్తకాల్లో జన్యు వ్యక్తీకరణ అని రాస్తారు గానీ ఆ మాట ఎవరైనా నోటితో అనగా నేను వినలేదు. జీన్ పనిచేస్తే దాని ఆర్ఎన్ఏ నకళ్లు తయారవుతాయి, వాటిని లెక్కపెడితే ఎంత పనిచేస్తోందో తెలుస్తుంది. క్యాన్సర్ కణం చాలావరకు కొత్త దినుసులు తెచ్చుకోదు, ఉన్నవాటినే అడ్డదిడ్డంగా వాడుతుంది.

మాటల సంగతి వచ్చింది కాబట్టి ఒకటి. ప్రోస్టేట్‌ని మన పేపర్లు పౌరుష గ్రంథి అని రాస్తాయి. ఎవరు పెట్టారో గానీ మహానుభావులు. దానికి జబ్బు అంటే పౌరుషానికే జబ్బు అన్నట్టు వినపడుతుంది, అందుకే మా పెదనాన్న ఏడాదిన్నర రాత్రికి నాలుగుసార్లు లేస్తూ కూడా పెద్దమ్మకి తప్ప ఎవరికీ చెప్పలేదు. వాల్‌నట్ కాయంత గ్రంథి, మూత్రాశయం కింద ఉంటుంది, వీర్యంలోకి కొంత ద్రవం వదులుతుంది, అంతే దాని పౌరుషం.

సరే, ఆ పీ63. మామూలు ప్రోస్టేట్‌లో సన్నటి గొట్టాలుంటాయి, గొట్టం లోపలి వరస కణాలు ద్రవం తయారు చేస్తాయి, వాటి వెనక బేసల్ కణాలని ఇంకో వరస ఉంటుంది, ఇంటికి ప్రహరీలాగా. పీ63 అనేది ఆ ప్రహరీ కణాల్లో పనిచేసే జీన్. క్యాన్సర్ వచ్చిన చోట ప్రహరీ ఉండదు. కాబట్టి పీ63 రంగు పడలేదంటే ప్రహరీ లేదని అర్థం, నెగటివే చెడ్డ వార్త. ఏఎంఏసీఆర్ కొవ్వుల్ని అరిగించే ఎంజైముకి సంబంధించిన జీన్, క్యాన్సర్ కణాల్లో బాగా పెరుగుతుంది. మైక్రోఅరేలు, అంటే వేల జీన్లని ఒకేసారి కొలిచే చిప్పుల మీద గాలిస్తుంటే బయటపడింది, 2002 ప్రాంతంలో ప్యాథాలజిస్టుల చేతికొచ్చింది, ఇప్పుడు చాలా ల్యాబుల్లో మామూలు సామాను. అయితే క్యాన్సర్‌కి ముందు దశలో కూడా అది కనపడొచ్చు, అందుకే ఒంటరిగా నమ్మరు, పీ63తో జంటగా చూస్తారు. ఒకటి ఉండాలి, ఒకటి ఉండకూడదు. పెదనాన్నకి ఇలా చెప్తే "అయితే రెండు కండిషన్లూ సాటిస్ఫై అయితేనే సమాధానం అన్నమాట" అన్నారు. క్యాన్సర్ అని చెప్పాక మనిషి మొదట అన్న మాట అది.

ఇప్పుడు అదే పీ63ని నా డేటా లాంటి దాంట్లో చూడండి. అక్కడ మైక్రోస్కోపు లేదు, టిష్యూ ముక్కని మొత్తం నూరేసి అందులోంచి ఆర్ఎన్ఏ తీస్తారు. రోటి పచ్చడే అది. పచ్చడి కారంగా ఉంది అంటే మిరపకాయలు ఘాటువి పడ్డాయా, లేక ఎక్కువ పడ్డాయా అని నాలుకతో చెప్పగలరా? అలాగే క్యాన్సర్ ముక్కలో పీ63 తగ్గింది, కెరాటిన్ 5 తగ్గింది, కెరాటిన్ 14 తగ్గింది అని కంప్యూటర్ పెద్ద లిస్టు ఇస్తుంది, మనం "క్యాన్సర్ ఈ జీన్లని ఆపేస్తోంది" అని రాసేస్తాం, నిజానికి ఎవరూ ఏదీ ఆపలేదు, ఆ జీన్లు వాడే కణాలే అక్కడ లేవు. తగ్గడం వేరు, లేకపోవడం వేరు. కండర కణాల జీన్లదీ ఇదే కథ, మామూలు ప్రోస్టేట్‌లో గొట్టాల మధ్య కండరం, పీచు బోలెడంత ఉంటుంది, గడ్డ ఉన్నచోట గొట్టపు కణాలే కిక్కిరిసి ఉంటాయి, కాబట్టి కండరం జీన్లన్నీ తగ్గినట్టు కనపడతాయి. 2004లోనే కొందరు కూర్చుని, ఒక్కో ముక్కలో ఏ రకం కణం ఎంత శాతం ఉందో ప్యాథాలజిస్టుల చేత చూపించి, లెక్క విడగొట్టి, క్యాన్సర్ తేడాలని మనం అనుకుంటున్నవాటిలో చాలా భాగం కణాల పాళ్లలో తేడాలే అని చూపించారు. 2004లో! నేను 90 శాతం అని ఎగిరింది 2017లో.

నార్మల్ అనేది ఎక్కడ నుంచి వస్తుందో కూడా చూద్దాం, ఇది నాకు అన్నిటికంటే ఆశ్చర్యంగా అనిపించిన భాగం. ఆరోగ్యంగా ఉన్న 65 ఏళ్ల మనిషిని కూర్చోబెట్టి "మీ ప్రోస్టేట్‌లో ఒక ముక్క ఇవ్వండి" అంటే ఎవడిస్తాడు. అందుకని నాలుగు దారులు. ఒకటి, ఇందాక చెప్పిన పక్క గది. రెండు, వయసుతో ప్రోస్టేట్ ఉబ్బి మూత్రానికి అడ్డం పడితే గొరిగి తీస్తారు చూడండి, ఆ టీయూఆర్‌పీ ముక్కలు. అవి క్యాన్సర్ కావు నిజమే, కానీ ఆ ఉబ్బు వచ్చేది మూత్రనాళం చుట్టూ ఉన్న మధ్య భాగంలో, క్యాన్సర్ ఎక్కువగా మొదలయ్యేది వెనక అంచు భాగంలో, వందలో 70 దాకా అక్కడే. పైగా ఉబ్బు కూడా ఒక జబ్బే. ఒక జబ్బుని ఇంకో జబ్బుతో, అదీ వేరే వీధిలో దానితో పోల్చి నార్మల్ అని పేరు పెట్టుకోవడం. మూడు, అవయవ దాతలు, వీళ్లలో చాలామంది కుర్రాళ్లు, క్యాన్సర్ పేషెంట్లేమో 60లు దాటినవాళ్లు, కాబట్టి దొరికిన తేడాలో క్యాన్సర్ ఎంత, ముసలితనం ఎంత? నాలుగు, అమెరికాలో జీటెక్స్ అనే పెద్ద ప్రాజెక్టులో చనిపోయినవాళ్ల నుంచి తీసినవి. మనిషి పోయాక గంటలు గడిచేకొద్దీ ఆర్ఎన్ఏ మారుతూ, చిక్కిపోతూ ఉంటుంది.

పక్క గదికీ ఇలాంటి చిక్కే ఒకటుంది. ఆపరేషన్‌లో ప్రోస్టేట్‌ని బయటకి తీసే ముందు దానికి రక్తం అందకుండా కడతారు, ఆ కాసేపట్లో కణాలు కంగారుపడి ఫాస్, జూన్, ఈజీఆర్1 లాంటి అత్యవసర జీన్లు గబగబా పెంచేస్తాయి. అంటే మనం కొలిచింది క్యాన్సర్‌నా, సర్జన్ గారి కత్తినా? దీన్ని 2006లో కొలిచి మరీ చూపించారు, ఆపరేషన్ ముందు తీసిన ముక్కకీ తర్వాత తీసిన ముక్కకీ తేడా ఉంది, మనిషి అదే, గ్రంథి అదే.

ఇంకా లోతుకి పోతే, పక్క గది అమాయకురాలు కూడా కాదు. జీఎస్‌టీపీ1 అని ఒక జీన్ ఉంది, విషాలని కడిగే పని దానిది, ప్రోస్టేట్ క్యాన్సర్లలో 90 శాతానికి పైగా దాని మీద రసాయన ముద్ర పడి మూతపడిపోతుంది. ఇది పాళ్ల తేడా కాదు, నిజంగానే తాళం వేయడం. ఈ రకం ముద్రల ఛాయలు మైక్రోస్కోపులో శుభ్రంగా కనపడే పక్క టిష్యూలో కూడా కనిపిస్తుంటాయి, ఎంత ఖాయంగా అంటే, బయాప్సీలో ఏమీ లేదని వచ్చిన ముక్కల్లో ఈ ముద్రలు వెతికి, దగ్గర్లో సూదికి తగలని క్యాన్సర్ దాక్కుని ఉందేమో అంచనా వేసే టెస్టు అమెరికాలో అమ్ముతున్నారు. గడ్డ పక్కనున్న "నార్మల్" టిష్యూ ఇటు పూర్తి ఆరోగ్యమూ కాదు, అటు క్యాన్సరూ కాదు, మధ్యస్థం అని చాలా అవయవాల మీద 2017లో పెద్ద పోలిక కూడా వచ్చింది. అసలు మామూలు మనిషి ప్రోస్టేట్‌లో ఏయే రకాల కణాలున్నాయో ఒక్కో కణాన్నీ విడదీసి చదివిన మంచి పటం 2018లో వచ్చింది, టెక్సస్‌లో యూటీ సౌత్‌వెస్టర్న్ వాళ్లది, దాతలైన కుర్రాళ్ల గ్రంథుల మీద చేసింది. అందులో అప్పటిదాకా ఊపిరితిత్తుల్లోనే తెలిసిన రకం కణాల్లాంటివి ప్రోస్టేట్‌లోనూ తేలాయి. ప్రోస్టేట్ క్యాన్సర్ మీద మైక్రోఅరే పేపర్లు 2001 నుంచి దుమ్ము లేపుతున్నాయి. 17 ఏళ్లు ఇంటి కొలతలు లేకుండానే ఇంట్లో ఏం పోయిందో లిస్టు రాశామన్నమాట.

ఇక అందరికీ తెలిసిన పీఎస్ఏ, ప్రోస్టేట్ కోసం చేసే రక్తపరీక్ష. పెదనాన్న కథ కూడా దాంతోనే మొదలైంది, 6.4 వచ్చింది, 4 దాటితే చూడాలన్నారు. మా ఇంట్లో పీఎస్ఏ అంటే క్యాన్సర్ నంబర్ అని స్థిరపడిపోయింది. కాదు. అది కేఎల్‌కే3 అనే జీన్ తయారుచేసే ప్రోటీను, గట్టిపడ్డ వీర్యాన్ని పల్చబరచడం దాని పని, ఆరోగ్యంగా ఉన్న ప్రోస్టేట్ కణమే దాన్ని కుండలకొద్దీ చేస్తుంది. కణానికి కణం పోలిస్తే క్యాన్సర్ కణం చేసేది ఎక్కువ కాదు, నిజానికి కాస్త తక్కువే. మరి రక్తంలో ఎందుకు పెరుగుతుంది? ప్రహరీ కూలింది కదా. గొట్టంలోకి పోవాల్సింది రక్తంలోకి కారుతోంది. వీర్యంలో ఉండే పీఎస్ఏతో పోలిస్తే రక్తంలో ఉండేది లక్షల వంతుల్లో ఒక వంతు, కొంచెం కారినా నంబర్ మారిపోతుంది. ఇన్ఫెక్షన్ వచ్చినా కారుతుంది, గ్రంథి ఉబ్బినా పెరుగుతుంది. ఇంకోటి, మూత్రం ఇబ్బందికి ఫినాస్టరైడ్ మాత్రలు వాడేవాళ్లకి కొన్ని నెలల్లో పీఎస్ఏ దాదాపు సగానికి పడిపోతుంది, టెస్టు చేయించేటప్పుడు డాక్టరుకి చెప్పాలి, మా పెదనాన్న చెప్పలేదు, అడగలేదు కాబట్టి చెప్పలేదట.

పీసీఏ3 ఉంది, నాకు ముచ్చటేసిన జీన్. 1999లో బయటపెట్టారు, ప్రోటీనేమీ తయారుచేయదు, వట్టి ఆర్ఎన్ఏ, క్యాన్సర్ ప్రోస్టేట్ కణాల్లో మామూలు కణాలకంటే ఎన్నో రెట్లు. 2012లో అమెరికా ఎఫ్‌డీఏ దాని మీద మూత్రం టెస్టుకి అనుమతిచ్చింది. ఆ టెస్టు లెక్క ఎలా కట్టారంటే పీసీఏ3 ఆర్ఎన్ఏని పీఎస్ఏ ఆర్ఎన్ఏతో భాగిస్తారు. హారంలో పీఎస్ఏ! ఎందుకంటే మూత్రంలోకి ఎన్ని ప్రోస్టేట్ కణాలు రాలాయో తెలియాలి కదా, ఆ తలకాయల లెక్కకి పీఎస్ఏ పనికొస్తుంది. బయట జనం క్యాన్సర్ నంబర్ అని భయపడే జీన్‌ని ఇక్కడ తూకంరాయిలా వాడారు. పచ్చడి గొడవకి ఇంత చక్కటి జవాబు నేను ఇంకోటి చూడలేదు, పెదనాన్నకి చెప్తే ఆయన కూడా "హారం సున్నా అయితేనో?" అని అడిగి ఆనందించారు. (సున్నా అయితే శాంపిల్ చెల్లదు, మళ్లీ ఇవ్వాలి.)

సగటులతో ఇంకో మోసం ఉంది. మిషిగన్ యూనివర్సిటీలో అరుళ్ చిన్నయ్యన్ ల్యాబులో 2005లో స్కాట్ టామ్లిన్స్ వాళ్లు క్యాన్సర్ సగటు, నార్మల్ సగటు అనే గోల వదిలేసి, కొంతమంది పేషెంట్లలో మాత్రమే ఆకాశాన్నంటే జీన్ ఏదైనా ఉందా అని వెతికారు. ఎర్గ్ దొరికింది. 21వ క్రోమోజోమ్ మీద టీఎంపీఆర్ఎస్ఎస్2 అనే జీన్ ఉంటుంది, మగ హార్మోన్ వస్తే వెలిగే స్విచ్చు దానిది, ఆ స్విచ్చు వచ్చి దూరంగా ఉన్న ఎర్గ్‌కి అతుక్కుంది, దాంతో హార్మోన్ వచ్చినప్పుడల్లా ఎర్గ్ వెలిగిపోతోంది. (కోవిడ్ వైరస్ కణంలో దూరడానికి వాడుకునేది కూడా ఈ టీఎంపీఆర్ఎస్ఎస్2 ప్రోటీన్నే, 2020లో ఈ పేరు విని పాత స్నేహితుడు టీవీలో కనపడినట్టు అనిపించింది.) పాశ్చాత్య దేశాల పేషెంట్లలో సుమారు సగం మందికి ఈ అతుకు ఉంటుంది, మిగతా సగానికి ఉండదు. సగటు తీస్తే అందరికీ కొంచెం ఉన్నట్టు కనపడుతుంది, అలాంటి మనిషి ఒక్కడూ ఉండడు.

అక్కడికే వస్తున్నా. ఆ సగం అన్నిచోట్లా సగం కాదు. తూర్పు ఆసియా వాళ్లలో ఎర్గ్ అతుకు తక్కువని చాలా చోట్ల చూశారు. 2015లో టీసీజీఏ అనే అమెరికా క్యాన్సర్ జీనోమ్ ప్రాజెక్టు వాళ్లు 333 గడ్డలు చదివి ప్రోస్టేట్ క్యాన్సర్‌ని 7 రకాలుగా విడగొడితే 26 శాతం ఏ రకంలోనూ పడలేదు, ఆ 333 మందిలో చాలావరకు తెల్లవాళ్లే. మన పేషెంట్లని అందులో పోస్తే ఎంతమంది మిగిలిపోతారో. ఐఐటీ కాన్పూర్‌లో బుష్రా అతీక్ గారి ల్యాబు స్పింక్1 అనే ఇంకో జీన్ పెరిగే రకం మీద ఏళ్లుగా పనిచేస్తోంది, ఇలాంటివి మనకి పది చోట్ల ఉండాలి. జీనోమ్ ఇండియా అని 10,000 మంది భారతీయుల డీఎన్ఏ చదివి 2025 జనవరిలో డేటా విడుదల చేశారు, సంతోషం, కానీ అది పోపుడబ్బాల జాబితా. ఏ ఇంట్లో ఏది ఎంత పడుతోందో, అంటే 65 ఏళ్ల తెనాలి మనిషి ఆరోగ్యకరమైన ప్రోస్టేట్‌లో ఏ జీన్ ఎంత వెలుగుతుందో, అది డీఎన్ఏలో దొరకదు. మనకి క్యాన్సర్ డేటా తక్కువ అని బాధపడేవాళ్లున్నారు, నార్మల్ డేటా అంతకంటే తక్కువ అని బాధపడేవాళ్లని నేను చూడలేదు.

దీన్ని ఒకసారి ఆఫీసులో చెప్తే ఒక కొలీగ్ గట్టిగా వాదించాడు, మరి ఆ తప్పుడు పోలికల్లోంచే కదా ఏఎంఏసీఆర్ వచ్చింది, పీఎస్ఎంఏ మాటేంటి అని. ఒప్పుకుంటాను. పీఎస్ఎంఏ నిజంగా విజయమే, క్యాన్సర్ కణాల పైపొర మీద ఆ ప్రోటీను విపరీతంగా పెరుగుతుంది, దానికి అతుక్కునే రేడియోధార్మిక మందు ఎక్కించి స్కాన్ తీస్తే ఎముకల్లో దాక్కున్నది కూడా వెలుగుతుంది, హైదరాబాద్‌లో ఇప్పుడు మామూలుగా దొరుకుతుంది ఆ పెట్ స్కాన్. తేడా అంత పెద్దదైతే పోలిక కొంచెం వంకరగా ఉన్నా తట్టుకుంటుంది. కానీ ఆ పీఎస్ఎంఏ కూడా లాలాజల గ్రంథుల్లో, కిడ్నీల్లో, చిన్నపేగులో ఉంటుంది, పేరులో ప్రోస్టేట్-స్పెసిఫిక్ అని ఉన్నా సరే. దాన్నే గురిగా పెట్టుకుని లుటీషియం అనే రేడియోధార్మిక మందుతో వైద్యం చేస్తే చాలామందికి నోరు ఎండిపోయేది అందుకే. ప్రోస్టేట్‌తో ప్రోస్టేట్‌ని పోల్చి పేరు పెట్టినవాళ్లు నోటిని అడగలేదు.

ఇంకా ఒక మాట, నా మోడల్ మీద నేనే వేసుకునే రాయి. క్యాన్సరా నార్మలా అని చెప్పడానికి కంప్యూటర్ ఎందుకసలు? ప్యాథాలజిస్టు మైక్రోస్కోపులో చూసి, అవసరమైతే రెండు రంగులేసి చెప్పేస్తారు. డాక్టరుకి తెలియక తల పట్టుకునే ప్రశ్న అది కాదు, ఈ క్యాన్సర్ పాకేదా, కదలకుండా పడుండేదా అన్నది. ముసలితనంలో వేరే ఏదో కారణంతో పోయినవాళ్లని పరీక్షిస్తే చాలామందిలో వాళ్లకి తెలియని ప్రోస్టేట్ క్యాన్సర్ కనపడుతుంది, దాంతోనే బతికారు, దానివల్ల పోలేదు. అందుకే పనికొచ్చిన ఎక్స్‌ప్రెషన్ టెస్టులు క్యాన్సర్‌ని క్యాన్సర్‌తోనే పోల్చాయి. ప్రొలారిస్ 31 కణవిభజన జీన్లు తీసుకుని, తూకానికి ఇంకో 15 పెట్టుకుంది, డెసిఫర్ 22 గుర్తులు చూస్తుంది. 2002లో వరంబళ్లి వాళ్లు ఈజెడ్‌హెచ్2 జీన్ పాకిన క్యాన్సర్లలో బాగా ఎక్కువని చూపించారు, అదీ ఆ రకం పోలికే. ఇవి మనదగ్గర ఖరీదు, మామూలు ఇంట్లో ఎవరూ చేయించరు, చేయించినా ఆ కటాఫ్‌లు మన జనం మీద కట్టినవి కావు.

పెదనాన్నది గ్లీసన్ 3+3, అంటే మైక్రోస్కోపులో కణాల తీరు చూసి వేసే మార్కుల్లో నెమ్మదస్తు రకం. డాక్టరు ఆపరేషన్ వద్దు, ఆరు నెలలకోసారి పీఎస్ఏ చూస్తూ ఉందాం అన్నారు. ఇంట్లో గొడవ. క్యాన్సర్ పెట్టుకుని ఊరికే చూస్తూ కూర్చోవడమేంటి అని పెద్దమ్మ, బావ, చివరికి ఎదురింటివాళ్లు కూడా. సెకండ్ ఒపీనియన్‌కి హైదరాబాద్ రమ్మన్నాను, వచ్చేటప్పుడు ల్యాబు నుంచి బయాప్సీ బ్లాకులు, అదే మైనంలో పెట్టిన ముక్కలు, అన్నీ అడిగి తెచ్చుకోమన్నాను. ల్యాబు కుర్రాడు క్యాన్సర్ ఉన్న ముక్కల బ్లాకులు మాత్రం కవర్లో పెట్టి ఇచ్చాడట. మిగతా 10 ముక్కలవి ఏవి బాబూ అని పెదనాన్న అడిగితే, "అవి బాగున్నవే కదా మాస్టారూ, వాటితో మీకేం పని?" అన్నాడట. మాస్టారు కౌంటర్ దగ్గర కుర్చీ లాక్కుని కూర్చున్నారు. గంటన్నర తర్వాత తెచ్చిచ్చారు. ఇప్పుడు అవన్నీ పెద్దమ్మ బీరువాలో, పట్టుచీరల కింద, బట్టల కొట్టు కవర్లో ఉన్నాయి.